బానెట్ కింద రెండుసార్లు చేసిన పని: ఒక పాత డాడ్జ్ పికప్

ఈ బండి విశాఖ ఆటోనగర్‌లో మా షెడ్డుకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఇంజిన్ బే నీట్‌గా చెయ్యమని వచ్చింది, చేసి పంపాం, చూసిన ప్రతివాళ్లూ ఫోటో తీసుకున్నారు. ఐదు నెలలకి అదే బండి రాత్రి తొమ్మిదింటికి భీమిలి బీచ్ రోడ్డులో ఆగిపోయి, ఇంకో బండికి తాడు కట్టి లాక్కొస్తే మళ్లీ మా దగ్గరికి చేరింది. రెండోసారి చేసిన పని ఇప్పటికి రెండు వానాకాలాలు చూసింది. ఈ రెండింటి మధ్య తేడా ఏంటో దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే పాత బండ్లు కట్టించుకునేవాళ్లలో ఎక్కువమంది మొదటి రకం పనే అడుగుతున్నారు, అది సముద్రం పక్క ఊళ్లో నిలబడదు.

బండి 1950ల నాటి డాడ్జ్ పికప్. పుట్టినప్పుడు దానికి ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ పెట్రోల్ ఇంజిన్, 6 వోల్టుల కరెంటు, అదీ పాజిటివ్ ఎర్త్, అంటే ఇప్పుడు మనం నెగటివ్‌ని ఛాసిస్‌కి కలుపుతున్నట్టు వీటికి పాజిటివ్ కలిపేవారు. ఓనరు గారి నాన్నగారు ఎప్పుడో పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఆ ఇంజిన్ దింపేసి టెంపో ట్రాక్స్‌లో వచ్చే ఓఎం 616 డీజిల్ ఎక్కించారు. మెర్సిడెస్ 240డి కారులో ఉండే ఇంజినే అది, 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు, బజాజ్ టెంపో వాళ్లు లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారుచేశారు. దానికి మైకో కంపెనీ డీజిల్ పంపు. నూనె మారుస్తూ ఉంటే ఏళ్లకేళ్లు పేచీ పెట్టని ఇంజిన్, నాకు దాని మీద గౌరవం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో వాళ్ల షెడ్డు రేకులు లేచిపోయాయి, బండి ఉప్పుగాలిలో వానలో తడిసి ముద్దయింది, తర్వాత చాలాకాలం టార్పాలిన్ కిందే ఉండిపోయింది. నాన్నగారు పోయాక ఓనరు గారు దాన్ని బాగుచేయించాలని పట్టుబట్టి మా దగ్గరికి తెచ్చారు. "బానెట్ ఎత్తితే ఒక్క వైరు కనపడకూడదండి" అన్నారు. నేను సరే అన్నాను. అక్కడే తప్పు జరిగింది.

లోపల ఏముందో చెప్తాను. అసలు 6 వోల్టుల వైర్లలో సగం ఇంకా ఉన్నాయి, గుడ్డ చుట్టినవి, ముట్టుకుంటే గుడ్డ పొడిగా రాలిపోతోంది. వాటి మీద డీజిల్ ఇంజిన్ ఎక్కించినప్పుడు వేసిన 12 వోల్టుల వైర్లు. వాటి మీద హారన్‌కీ ఫాగ్ లైట్లకీ ఎవరెవరో లాగిన వైర్లు, మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు. మా ఎలక్ట్రీషియన్ పెద్దాయన, శ్రీకాకుళం మనిషి, ఒక ఎర్ర వైరు పట్టుకుని అరగంట వెతికి, "ఏటి బాబూ ఇది, ఎక్కడికీ ఎల్లనేదు" అన్నాడు. ఆ వైరుకి రెండో చివర లేదు, కానీ కరెంటు ఉంది. ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ, దాని మీద 31 కన్నాలు లెక్కపెట్టాం. వాటిలో పనికొచ్చేవి తొమ్మిది.

మొదటిసారి ఏం చేశామంటే, వైర్లన్నీ ఫెండర్ లోపలి రేకు వెనక నుంచి లాగేశాం. ఫ్యూజు బాక్సు డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల పైన పెట్టాం. ఎర్త్ పాయింటు కనపడకుండా ఫెండర్ వెనక ఛాసిస్‌కి బిగించాం. రేడియేటర్ పక్కన ఉన్న ఖాళీలకి రేకులు కోసి మూసేశాం. ఇంజిన్ నుంచి ఫైర్‌వాల్‌కి వెళ్లే వైర్లు గీత గీసినట్టు తిన్నగా బిగుతుగా ఉన్నాయి. నల్ల గ్లాసీ పెయింటు, పాలిష్ పట్టిన అల్యూమినియం బ్రాకెట్లు, స్టీలు బోల్టులు. అద్దంలా ఉంది, నిజంగానే.

భీమిలి రోడ్డులో ఆగిపోయిన మర్నాడు బ్యాటరీ నెగటివ్ మీద మల్టీమీటర్ ఒక పిన్ను, ఇంజిన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన చోట రెండో పిన్ను పెట్టి, మా కుర్రాణ్ని సెల్ఫ్ కొట్టమన్నాను. ఈ పరీక్ష తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ రెండు చోట్ల మధ్య మీటరు దాదాపు సున్నా చూపించాలి, 0.2 వోల్టు దాటిందంటే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. మాకు 1.4 చూపించింది. బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మంచిదే, మధ్యలో కరెంటు వేడిగా మారిపోతోంది. ఆ ఎర్త్ బోల్టు చూడాలంటే ఫెండర్ విప్పాలి. ఫెండర్ విప్పాలంటే హెడ్‌లైట్, ఫుట్‌బోర్డు బ్రాకెట్, కొత్త పెయింటు పూసుకుపోయిన పదకొండు బోల్టులు. మూడు గంటలు పట్టింది.

విప్పాక చూస్తే లగ్గు, అంటే కేబులు చివర బోల్టుకి పెట్టే రింగు, దాని కింద రేకుకి పెయింటు అలాగే ఉంది, మావాళ్లు గీకకుండా బిగించేశారు, నేను చూసుకోలేదు. కరెంటు బోల్టు మర చుట్ల ద్వారానే వెళ్తూ వచ్చింది, ఆ చుట్లలోకి ఉప్పు తేమ ఎక్కింది. లగ్గు చుట్టూ పచ్చటి పొడి. కేబులు స్లీవు బ్లేడుతో చీరి చూశాను, లగ్గు నుంచి జానెడు లోపలి దాకా రాగి నల్లగా మాడినట్టు ఉంది, వేలితో నలిపితే తీగలు పుల్లల్లా విరిగాయి. ఐదు నెలల్లో.

ఎందుకంత తొందరగా అంటే మన గాలి అలాంటిది. ఉప్పుకి ఒక గుణం ఉంది, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది తనంతట తానే నీరు లాక్కుని ద్రావణం అయిపోతుంది. విశాఖలో, అందులోనూ రాత్రిళ్లు, తేమ ఆ గీత దాటే రోజులు ఎన్నో. అంటే వాన పడకపోయినా, బండి ఇంట్లోనే ఉన్నా, రేకు మీద కూర్చున్న ఉప్పు పొర తడిగానే ఉంటుంది. గాలి ఆడని మూల అయితే ఇంకా ఆరదు. మేము వైర్లనీ జాయింట్లనీ దాచిన చోట్లన్నీ సరిగ్గా అలాంటి మూలలే. లోపలి ఊళ్లలో అదే పని పదేళ్లు ఆగుతుందేమో, ఎంవీపీ కాలనీలో ఆగదు.

ఎర్త్ ఒక్కటే కాదు. తిన్నగా బిగించిన వైర్లలో రెండు, ఇంజిన్ వైపు లగ్గు దగ్గర తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. నాలుగు సిలిండర్ల డీజిల్ ఐడిల్‌లో ఎలా ఊగుతుందో అందరికీ తెలుసు, ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కదులుతుంటే ఛాసిస్ కదలదు, మధ్యలో వైరుకి వదులు లేకపోతే రోజూ కొంచెం కొంచెం తెగుతుంది. స్టీలు బోల్టులు పెట్టిన అల్యూమినియం బ్రాకెట్ల దగ్గర తెల్లటి పిండి లేచింది, రెండు వేరు లోహాలు ఉప్పు నీటిలో కలిసుంటే తినేది అల్యూమినియాన్నే. ఇక నల్ల పెయింటు వల్ల ఒక డీజిల్ కారుడు ఐదు నెలలుగా ఎవరికీ కనపడలేదు.

ఓనరు గారికి ఫోన్ చేసి, నా పని తప్పింది, మొదటి నుంచి చేస్తాను, లేబరు తీసుకోను, సామాను డబ్బు మాత్రం ఇవ్వండి, కానీ ఈసారి నా మాట ప్రకారం చేస్తాను అని చెప్పాను. "వైర్లు కనపడతాయా?" అని అడిగారు. కనపడతాయి, కానీ చూడబుద్ధి అయ్యేలా కనపడతాయి అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నారు.

రెండోసారి స్పానర్ పట్టుకునే ముందు నాలుగు రోజులు చార్టు పేపరు మీదే పని చేశాం. నేను పెట్టుకున్న నియమం ఒకటే, ప్రతి జాయింటుకీ ప్రతి బోల్టుకీ వేరే ఏదీ విప్పకుండా చెయ్యి వెళ్లాలి. ఇది పెట్టుకున్నాక మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలాయి. ఈ ఇంజిన్‌కి మానిఫోల్డులు, అంటే గాలి లోపలికీ పొగ బయటికీ వెళ్లే పైపులు, రెండూ కుడివైపు, పంపు ఎడమవైపు. మన బండికి స్టీరింగ్ కూడా కుడివైపే. అంటే కుడి పక్క సైలెన్సర్ పైపు వేడి, స్టీరింగ్ బాక్సు, బ్రేకు పైపులు ఉంటాయి, అటు వైపు వైరు అన్నదే వెళ్లకూడదు. ఎడమ పక్క కింద డీజిల్ పైపులు, వాటికి పైన, దూరంగా వైర్లు. వీధుల్లా అనుకున్నాం, ఏ వీధిలో ఎవరు నడవాలో ముందే రాసుకుంటే గుంపు అవ్వదు. ఫ్యూజులు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చులు) ఎడమ ఫెండర్ లోపల ఎత్తులో, మూత తీస్తే నిలబడి చూసేలా పెట్టాం. గ్లో ప్లగ్గులకి, అంటే స్టార్ట్ చేసే ముందు సిలిండర్లని వేడిచేసేవాటికి, విడిగా రిలే, విడిగా ఫ్యూజు, 10 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎందుకంటే నాలుగూ కలిపి 40 ఆంపియర్ల పైనే లాగుతాయి, దాన్ని కీ స్విచ్చులోంచి నేరుగా నడిపిన బండ్లు చాలా చూశాను, స్విచ్చు కరిగిపోయి వచ్చేవి.

వైరు ఈసారి తగరం పూత ఉన్న రాగి వైరు, బోట్లకి వాడేది. ఫిషింగ్ హార్బర్ వైపు బోట్ల సామాను అమ్మే కొట్టుకి వెళ్లి తెచ్చాను. ఖరీదు ఎక్కువే, కానీ నల్లబడదు. లగ్గులు క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, పైన లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేశాం, వేడి తగలగానే రెండు చివర్లా జిగురు సన్నగా బయటికి ఉబుకుతుంది, అది కనపడితేనే లోపలికి తేమ వెళ్లదని నమ్మకం. అసలు కట్టను బండి మీద కాకుండా ప్లైవుడ్ చెక్క మీద మేకులు కొట్టి పరిచి, కొలత ప్రకారం గుడ్డ టేపు చుట్టాం. ఇంజిన్ దగ్గరికి వెళ్లే ప్రతి కొమ్మకీ ఒక వంపు వదులు ఇచ్చాం, అన్ని వంపులూ ఒకే సైజులో, ఒకే వైపుకి. వదులుగా ఉన్న వైరు చిందరవందరగా కనపడుతుందని భయపడతారు గానీ, వంపులన్నీ ఒకేలా ఉంటే కంటికి అదే పొందికగా ఉంటుంది. రబ్బరు పెట్టిన పి-క్లిప్పులు జానెడుకొకటి. ప్లాస్టిక్ టైలు వాడలేదు, ఎండకీ వేడికీ పెళుసెక్కి విరుగుతాయి, చివరలు చేతులు కోస్తాయి.

ఎర్త్ కోసం ఫైర్‌వాల్ మీద ఎడమవైపు, కళ్లెదురుగా ఒక రాగి పట్టీ పెట్టాం. బ్యాటరీ నుంచి ఇంజిన్ బ్లాకుకి లావు కేబులు, బ్లాకు నుంచి ఛాసిస్‌కి అల్లిక పట్టీ, అక్కడి నుంచి ఈ రాగి పట్టీకి. బిగించే ప్రతిచోటా పెయింటు వేసే ముందే గుండ్రంగా టేపు అంటించి రేకు వదిలేశాం. బిగించాక పైన వాజ్‌లైన్ పూశాం. ఎవరైనా దీన్ని చూసి అందంగా లేదంటారేమో, నాకు మాత్రం ఈ బండి మొత్తంలో బాగా నచ్చిన వస్తువు ఆ పట్టీయే.

పెయింటు గురించి మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను, ఆయన షిప్‌యార్డులో పెయింటింగ్ వైపు చేసి రిటైరయ్యారు. మొదటిసారి మేము రేకు గీకి, థిన్నర్‌తో తుడిచి, ప్రైమర్ కొట్టేశాం. ఆయన రేకు మీద చెయ్యి పెట్టి, "ఉప్పు కడిగారేంట్రా?" అని అడిగారు. థిన్నర్‌కి గ్రీజు పోతుంది, ఉప్పు పోదు. ఉప్పుకి మంచినీళ్లే మందు. అందుకని గీకి, మంచినీళ్లతో ఒత్తిడి పెట్టి కడిగి, ఆరబెట్టి, మళ్లీ గీకి, మళ్లీ కడిగాం. తుప్పు గుంటల్లో ఉప్పు మిగిలితే పైన ఎంత ఖరీదైన ఎపాక్సీ కొట్టినా లోపల పొక్కు లేస్తుంది. ఇంకొకటి కూడా చెప్పారు, రేకు వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే గన్ను పట్టుకోవాలి, లేకపోతే కంటికి కనపడని నీటి పొర మీద పెయింటు కొడుతున్నట్టే. చిన్న హైగ్రోమీటర్ కొన్నాం. ఐదు రోజులు గన్ను ముట్టుకోలేదు, ఆరో రోజు ఎండ కాసింది, తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాం. రంగు లేత బూడిద. దాని మీద నూనె చుక్క పడితే అరగంటలో తెలుస్తుంది. అక్కర్లేని కన్నాలు 22 వెల్డింగ్‌తో మూశాం, నీళ్లు కారే కన్నాలు మాత్రం వదిలేశాం, వాటిని మూస్తే అక్కడే కుళ్లుతుంది. మిగిలిన తొమ్మిదింటికీ రబ్బరు గ్రామెట్లు, అంటే వైరు రేకుకి ఒరుసుకోకుండా కన్నంలో పెట్టే రింగులు.

డీజిల్ పైపుల దగ్గర ఓనరు గారితో ఒక చిన్న వాదన జరిగింది. పంపు నుంచి ఇంజెక్టర్లకి వెళ్లే నాలుగు పైపులు వంకరటింకరగా ఉంటాయి, వాటిని ఒకేలా తిన్నగా వంచమన్నారు. కుదరదని చెప్పాను. ఆ పైపులు నాలుగూ ఒకే పొడవు ఉండాలి, అందుకే దగ్గరి సిలిండరుకి వెళ్లేదానికి వంపులు ఎక్కువ. తిన్నగా చేసి పొడవు తగ్గిస్తే ఇంజెక్షన్ టైమింగ్ సిలిండరుకీ సిలిండరుకీ తేడా వస్తుంది, మళ్లీ మళ్లీ వంచితే లోపలి ఒత్తిడికి పగులుతాయి. కంపెనీ క్లాంపులు మూడు లేకుండా పోయాయి, వాటిని మాత్రం వెతికి తెచ్చి బిగించాం, శుభ్రం చేసి జింకు పూత వేయించాం. అంతే. చెయ్యి పెట్టకూడని చోట పెట్టకపోవడం కూడా ఈ పనిలో భాగమే.

మిగతా డీజిల్ లైను కొత్త స్టీలు పైపుతో, బెండర్‌తో వంచి రెండు సమాంతర గీతల్లా వేశాం. కదిలే చోట నైట్రైల్ రబ్బరు హోసు. ఇంతకు ముందు ఎవరో నీళ్ల హోసు ముక్క డీజిల్‌కి వేశారు, అది ఉబ్బి మెత్తగా బెల్లం పాకంలా అయిపోయింది, నీళ్లకి పనికొచ్చే రబ్బరు డీజిల్‌కి ఆగదు. బ్యాంజో బోల్టుల, అంటే మధ్యలోంచి డీజిల్ వెళ్లే బోలు బోల్టుల కింద రాగి వాషర్లు అన్నీ కొత్తవి. కొత్తవి దొరకని సైజు ఒకటి ఉంటే పాతదాన్నే మా పెద్దాయన గ్యాసు మంట మీద ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో వేశాడు. ఉక్కు అయితే అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. పైనున్న మసి గీకి, రెండు ముఖాలూ గాజు పలక మీద సన్న కాగితంతో తిప్పి తిప్పి చదును చేశాడు, ఆ వాషరు ఇప్పటిదాకా చుక్క వదల్లేదు.

రేడియేటర్ పక్క మూతలు ఈసారీ పెట్టాలనే అనుకున్నాం, చూడ్డానికి అవి చాలా బాగుంటాయి. పెట్టి సింహాచలం ఘాట్ ఎక్కించాం. కొండ మీదికి చేరేసరికి ముల్లు 100 దాటింది. మూతలు తీసేసి మళ్లీ ఎక్కిస్తే 88 దగ్గర నిలబడింది. వేడి గాలికి బయటికి పోయే దారి మేమే మూసేశామన్నమాట. రేడియేటర్ ముందువైపు మూత ఉంచాం, గాలి పక్కకి తప్పించుకోకుండా, వెనకవైపు రేకుల్లో టింకర్ చేత చీలికలు కొట్టించాం. ఫ్యానుకి ష్రౌడ్, అంటే చుట్టూ ఉండే తొడుగు, కూడా చేయించాం, ఈ రెండింటితో ఏప్రిల్ మధ్యాహ్నం ఘాట్‌లో 90 దాటలేదు.

కాగితాల మాట క్లుప్తంగా. ఇంజిన్ మార్చిన బండికి ఆ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది ఇది. వీళ్ల నాన్నగారు అప్పట్లోనే చేయించి పెట్టారు కాబట్టి మాకు టెన్షన్ లేదు. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్, ఆ వీఏ నంబరు, దీనికి రాదు, అది ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చనివాటికే. అసలు ఇంజిన్ ఇంకా ఉన్నవాళ్లు దింపే ముందు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

రెండో పనికి 46 రోజులు పట్టింది, మొదటిదానికి 30. అందులో కడగడం, ఆరబెట్టడం, ఎండ కోసం ఎదురుచూడడానికే తొమ్మిది రోజులు. పూర్తయ్యాక అదే మీటరు పరీక్ష చేస్తే 0.12 వచ్చింది. మొదటి వానాకాలం అయ్యాక 0.13, రెండోది అయ్యాక కూడా 0.13. ప్రతి నవంబరులో బండి తెప్పించి మంచినీళ్లతో తుడిచి, ఎర్త్ పట్టీ విప్పి, చూసి బిగిస్తున్నాం, మొత్తం 20 నిమిషాల పని. అల్యూమినియం బ్రాకెట్లకి పాలిష్ మానేసి పెయింటు వేశాం, స్టీలు బోల్టుల కింద నైలాన్ వాషర్లు వేశాం, మళ్లీ తెల్ల పిండి లేవలేదు. మూడు క్లిప్పుల రబ్బరు వేడికి గట్టిపడింది, వాటిని మార్చాలి.

పోయిన నెల ఓనరు గారు అరకు వెళ్తూ శృంగవరపుకోట దాటాక టీ కోసం ఆగి బానెట్ ఎత్తారట. డీజిల్ ఫిల్టరు కింద బూడిద రంగు మీద అర్ధరూపాయంత తడి మరక కనపడింది. నాకు ఫోటో పంపారు. పైనున్న బ్యాంజో బోల్టు, 17 స్పానర్, డ్యాష్‌బోర్డు డబ్బాలో రాగి వాషర్లు ఉన్నాయి అని చెప్పాను. ఆయన ఎప్పుడూ స్పానర్ పట్టినవారు కాదు. పావుగంటకి ఇంకో ఫోటో వచ్చింది, ఫిల్టరు కింద తుడిచిన రేకు, పక్కన నొక్కుకుపోయిన రెండు పాత వాషర్లు, వెనక టీ గ్లాసు.